భుజం కీలులో పడే ముడి

భుజపు ఎముక తలను చుట్టి పట్టుకొని ఉండే నాలుగు టెండన్లను, అంటే కండరాలను ఎముకకు కలిపే పట్టీలను, కలిపి రొటేటర్ కఫ్ అంటారు. వాటిలో ఏదైనా చిరిగినప్పుడు, తిరిగి ఎముకకు చేర్చి కుట్టడానికి ఇప్పుడు భుజాన్ని పెద్దగా కోయనక్కరలేదు. చిన్న గాట్లలోంచి కెమెరాను, పరికరాలను పంపి, సెలైన్‌తో ఉబ్బించిన కీలులో పని ముగిస్తారు. చిక్కల్లా ముడి దగ్గరే. వేలు లోపలికి పోదు కనుక ముడిని బయట వేసి, కాన్యులా అనే గొట్టం గుండా, నాట్ పుషర్ అనే సన్నని కడ్డీతో టెండన్ మీదికి దించాలి.

ఎముకలో బిగించిన యాంకర్ అనే చిన్న మేకు నుంచి వచ్చే దారం కొసల్లో, బిగువుగా పట్టుకున్నదాన్ని పోస్ట్ అంటారు; రెండోది దాని చుట్టూ తిరుగుతుంది. దారం స్వేచ్ఛగా కదులుతుంటే జారుముడి వేస్తారు, పోస్టును లాగితే అది కిందికి దిగుతుంది. జర్మనీలో టాన్సిల్ శస్త్రచికిత్సకు పుట్టిన రోడర్ ముడి ఈ కోవలోదే. జర్మన్ వైద్యుడు కుర్ట్ జెమ్ దాన్ని లాపరోస్కోపీలోకి, అంటే చిన్న గాట్లతో పొట్టలో చేసే శస్త్రచికిత్సలోకి, తెచ్చాడు. సియోల్‌లోని శామ్‌సంగ్ మెడికల్ సెంటర్ పేరు మీద ఎస్.ఎం.సి. ముడి కూడా ఉంది. అయితే టెండన్ పలచబడి ఉంటే, జారే దారం దాన్ని రంపంలా కోసే ప్రమాదముంది. అలాంటప్పుడు, లేదా దారం కదలనప్పుడు, ఒక్కొక్క చుట్టునూ విడిగా దించే రెవో వంటి జారని ముడులే గతి.

ముడి ఊడకుండా ఉండడం ఒకటి, అది బిగించిన ఉచ్చు వదులు కాకుండా ఉండడం మరొకటి. ఈ తేడాను అమెరికా భుజ శస్త్రవైద్యుడు స్టీఫెన్ బర్క్‌హార్ట్ బృందం 1998లో నొక్కి చెప్పింది. పీటముడే పడినా, టెండన్‌కు ఒక్క పిసరు ఎడంగా పడితే ఉచ్చులో సందు మిగులుతుంది, టెండన్ ఎముకకు ఆనదు. ప్రయోగశాలల్లో ఉచ్చు 3 మిల్లీమీటర్లు సాగితే ముడి విఫలమైనట్టే లెక్కించడం పరిపాటి. అందుకే జారుముడి దిగాక, పోస్టును లాగి పట్టుకొనే, పైన అరముడులు, అంటే ఒక్కో చుట్టుతో పడే ముడులు, వేస్తారు. ఒకే పోస్టు మీద ఒకే దిశలో ఎన్ని వేసినా అవి జారిపోగలవు. దిశనూ, పోస్టునూ మార్చుతూ కనీసం 3 వేయాలన్నది విస్తృతంగా పాటించే నియమం. పోస్టు మార్చడానికి కడ్డీని రెండో కొసకు ఎక్కించనక్కరలేదు: ఈ కొసను సడలించి ఆ కొసను లాగితే, చుట్టు తిరగబడి, అప్పటిదాకా చుట్టుకున్నదే పోస్టవుతుంది. చదవడానికి తేలికే గాని, తెర మీద చూస్తూ చేయడానికి చాలా సాధన కావాలి.

దారాలూ మారాయి. పాత పాలియెస్టర్ అల్లిక కన్నా, అతి దీర్ఘ అణువుల పాలిథిలీన్ కలిసిన నేటి దారాలు ఎంతో గట్టివి. కానీ నునుపు ఎక్కువ కనుక తెగడానికి ముందే ముడి జారవచ్చు. చుట్లు పెంచితే ముడి లావెక్కి, పైనున్న ఎముకకు రాసుకోవచ్చు. అందువల్లనే, దారాన్ని నేరుగా ఎముకలో బిగించే ముడిలేని యాంకర్ల వాడకం పెరిగింది. వాటితో ముడి బాధ తప్పుతుంది గాని, దారం టెండన్‌ను కోసుకొని వచ్చేసే ప్రమాదం మాత్రం పోదు. మరమ్మత్తు విఫలమైనచోట తరచూ కనిపించేది అదే.