బంతిని వదిలే క్షణం: పిచర్ల గురి వెనుక శాస్త్రం

బేస్‌బాల్‌లో బంతి విసిరే ఆటగాడైన పిచర్ పాదం ఆనించే పలక నుంచి, బ్యాటర్ పక్కన నేలపై ఉండే హోమ్ ప్లేట్‌కు దూరం 18.44 మీటర్లు, దాన్ని పోలిన ఆటైన మహిళల ఫాస్ట్‌పిచ్ సాఫ్ట్‌బాల్‌లో 13.11 మీటర్లు. ప్లేట్ వెడల్పు మాత్రం రెండు ఆటల్లోనూ 43 సెంటీమీటర్లే. బేస్‌బాల్ పిచర్ ముందుకు అంగ వేసి బంతిని వదిలేసరికి ప్లేట్ ఇంకా దాదాపు 17 మీటర్ల దూరంలో ఉంటుంది కనుక, దిశ ఒక్క డిగ్రీ పక్కకు తప్పితే బంతి అక్కడికి చేరేసరికి 30 సెంటీమీటర్లు జరిగిపోతుంది. నడిమధ్యకు గురిపెట్టిన బంతి ప్లేట్ మీదుగా కాక పక్కనుంచి పోవడానికి అంత చాలు.

కాలం లెక్క ఇంకా కఠినమైనది. సాఫ్ట్‌బాల్ పిచర్ చేతిని నిలువుగా గుండ్రంగా తిప్పి, తుంటి పక్కన బంతిని వదులుతుంది. బంతి వేగం గంటకు 95 కిలోమీటర్లు అనుకుని, భుజం కదలికను పక్కనపెట్టి స్థూలంగా లెక్కిస్తే, సెకనులో వెయ్యో వంతులోనే చేయి సాగే దిశ రెండు డిగ్రీలకు పైగా మారుతుంది. కంటితో చూసి కదలికను సరిదిద్దుకోవడానికి మనిషికి సెకనులో ఐదో వంతు వరకు పడుతుంది కాబట్టి, చివరి దశలో దిద్దుబాటుకు అవకాశమే లేదు.

మరి నిపుణులకు ఇది ఎలా సాధ్యమవుతోంది? ప్రతిసారీ అచ్చుగుద్దినట్టు ఒకే కదలికను చేయడం వల్ల అనుకోవడం సహజమే గాని, అది నిజం కాదు. 1920లలో మాస్కోలో నికొలాయ్ బెర్న్‌స్టైన్ అనే శాస్త్రవేత్త ఉలిపై సుత్తితో కొట్టే కార్మికుల కదలికలను ఫొటోల ద్వారా కొలిచినప్పుడు, సుత్తి కొన సాగే దారి కంటే భుజం, మోచేయి, మణికట్టు కదలికల్లోనే తేడాలు ఎక్కువగా కనిపించాయి. అంటే ఒక కీలులో వచ్చిన తేడాను మరో కీలు సర్దుతోంది. నైపుణ్యమంటే ఈ సర్దుబాటే.

ఈ దృష్టితో చూస్తే, ఒకే చోటికి ఒకే రకం బంతిని వందసార్లు వేయించే సాధన అనుకున్నంత మేలు చేయదు. 1978లో కెర్, బూత్ అనే పరిశోధకులు ప్రచురించిన ప్రయోగంలో, ఎనిమిదేళ్ల పిల్లల్లో ఒక జట్టు మూడడుగుల దూరంలోని గురికే చిన్న సంచులు విసిరింది. ఇంకో జట్టు రెండు, నాలుగు అడుగుల దూరాలకు విసిరింది. చివరికి మూడడుగుల దూరానికి పరీక్ష పెడితే, ఆ దూరంలో సాధనే చేయని రెండో జట్టు మెరుగ్గా రాణించింది. సంచులు విసరడం, పిచింగ్ ఒకటి కావు, నిజమే. అయినా ప్లేట్ వెనుక బంతిని అందుకునే క్యాచర్ గ్లవ్ స్థానాన్ని, బంతి రకాన్ని మాటిమాటికీ మార్చడానికి ఇది బలమైన ఆధారమే. ఆ రోజుకు తప్పులు పెరిగినట్టు కనిపిస్తాయి, అక్కడే చాలామంది కోచ్‌లు వెనక్కి తగ్గుతారు.

వేగం సంగతి వేరు. మెల్లగా వేసే బంతికి కీళ్ల సమయపాలన వేరు కనుక, మెల్లగా నేర్చిన గురి పూర్తి వేగానికి యథాతథంగా బదిలీ కాదు. అలాగని శక్తినంతా కూడదీసి విసరమనడమూ సరికాదు. 1961 వసంతకాల శిక్షణలో క్యాచర్ నార్మ్ షెర్రీ బలం కాస్త తగ్గించమని చెప్పాకే అమెరికన్ బేస్‌బాల్ పిచర్ శాండీ కూఫాక్స్ అదుపు సాధించాడు. 1960లో 175 ఇన్నింగ్స్‌లో 100 వాక్‌లు (గురి తప్పిన నాలుగు బంతులకు బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్) ఇచ్చినవాడు, 1961లో 255కు పైగా ఇన్నింగ్స్‌లో 96 మాత్రమే ఇచ్చాడు.

నా దృష్టిలో కోచ్ చేతికి అన్నిటికంటే పనికొచ్చేవి కాగితం, పెన్సిలే. గ్లవ్ పెట్టిన చోటును, బంతి వచ్చిన చోటును ప్రతిసారీ గుర్తిస్తే తప్పుల ఆకారం బయటపడుతుంది. బంతులన్నీ ఒకే వైపు గుంపుగా పడుతుంటే పాదం మోపే దిశను సరిచూడాలి. సాఫ్ట్‌బాల్‌లో అవి పైకీ కిందికీ చెదురుతుంటే, వదిలే సమయాన్ని ముందుగా అనుమానించాలి. సాధన చివర్లో ఆ చెదురు పెరుగుతూ పోతే చేయి అలసిందన్నమాట; ఆ రోజుకు బంతిని పక్కన పెట్టించాలి.