మార్కులు కాదు, మాటలు చూడండి

వైన్ సమీక్షలు కొత్తగా చదివేవారిని ముందు తికమక పెట్టేది వాటిలో కనిపించే వాసనల చిట్టా. మిరియాలు, వెన్న, పచ్చి క్యాప్సికమ్, వెనిల్లా, ఒక్కోసారి పెట్రోలు కూడా! పిండింది ద్రాక్ష మాత్రమే అయినప్పుడు ఇవన్నీ ఎక్కడి నుంచి వచ్చాయి? రాసినవారి కల్పన అని చాలామంది కొట్టిపారేస్తారు. నన్నడిగితే సమీక్షలో కాస్త నమ్మదగిన భాగం అదే. అనుమానించాల్సింది చివర్లో వేసే మార్కులను.

మిరియాల సంగతే చూడండి. షిరాజ్ అనే ఎర్ర ద్రాక్షతో చేసే ఆస్ట్రేలియా వైన్‌లలో కొన్నింటికి మిరియాల ఘాటు ఉంటుందని రుచి చూసేవారు ఎప్పటి నుంచో చెబుతున్నారు. ఆ వాసన రోటండోన్ అనే అణువు వల్ల వస్తోందని అక్కడి పరిశోధకులు 2008లో ప్రకటించారు. మిరియాలకు ఆ ఘాటైన వాసననిచ్చేదీ అదే అణువు. అంటే సమీక్షకులు పోలిక చెప్పలేదు, ఉన్నదే చెప్పారు. లీటరు ఎర్ర వైన్‌లో 16 నానోగ్రాములు ఉంటే చాలు, ముక్కు పసిగడుతుంది. అయితే అందరి ముక్కూ కాదు. ఆ పరిశోధనలో పాల్గొన్నవారిలో దాదాపు 20 శాతం మంది, లీటరు నీటిలో 4,000 నానోగ్రాములు కలిపి ఇచ్చినా వాసన పట్టలేకపోయారు. ఒకే వైన్ గురించి ఒకరు మిరియాలని రాసి, మరొకరు ఆ ఊసే ఎత్తకపోతే ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు.

మిగతా వాసనలకూ ఇలాంటి మూలాలే ఉన్నాయి. వెనిల్లా, వైన్‌ను నిల్వ ఉంచే ఓక్ చెక్క పీపాల నుంచి వస్తుంది. ద్రాక్షలోని మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లంగా మార్చేటప్పుడు పుట్టే డయాసిటైల్ వెన్న వాసన ఇస్తుంది. పాతబడిన రీస్లింగ్ అనే తెల్ల వైన్‌లో పెట్రోలు వాసనకు కారణం టీడీఎన్ అనే పదార్థం. వగరు మాత్రం వాసనా కాదు, అచ్చంగా రుచీ కాదు. టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేయడంతో నోరు పొడిబారినట్టు తోచే స్పర్శ అది.

అలాగని మాటలనూ కళ్లు మూసుకుని నమ్మలేం. నిజానికి కళ్లు తెరిచి రాసినవాటితోనే చిక్కు. ఫ్రాన్స్‌లో మోరో, బ్రోషే, డ్యూబూర్డ్యూ 2001లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు సాక్ష్యం. వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి వాళ్లు వాసన లేని ఎర్ర రంగు కలిపిన తెల్ల వైన్ ఇచ్చారు. విద్యార్థులు దానికి ఎర్ర వైన్‌కు వాడే మాటలే ఎక్కువగా రాశారు. రంగు లేకుండా ఇచ్చినప్పుడు అదే వైన్‌ను తెల్ల వైన్ మాటలతో వర్ణించినవారే వీళ్లు.

ఇక మార్కులు. అమెరికా వైన్ సమీక్షకుడు రాబర్ట్ పార్కర్ ప్రాచుర్యంలోకి తెచ్చిన 100 మార్కుల పద్ధతి అసలు 50 నుంచి మొదలవుతుంది. అంటే ఏ వైన్‌కైనా సగం మార్కులు ముందే దక్కినట్టు! స్వయంగా చిన్న వైనరీ నడిపిన రాబర్ట్ హాడ్జ్‌సన్ కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీల్లో న్యాయనిర్ణేతలనే పరీక్షించారు. ఒకే సీసాలోని వైన్‌ను, ఆ సంగతి చెప్పకుండా, ఇతర వైన్‌ల మధ్య మూడుసార్లు ఇప్పించారు. ఇంచుమించు ఒకే స్థాయి మార్కులు వేసినవారు పదిమందిలో ఒక్కరే. మిగతావారిలో ఒకసారి 90 వేసి, కాసేపటికి 86 వేయడం మామూలే.

సీసాకు ముసుగు వేస్తే ప్రతిష్ఠ ప్రభావమైనా తొలగుతుంది. 1976 మే 24న పారిస్‌లో బ్రిటిష్ వైన్ వ్యాపారి స్టీవెన్ స్పరియర్ అదే చేశారు. ఫ్రెంచి న్యాయనిర్ణేతలు పేర్లు తెలియకుండా రుచి చూసి, ఎర్ర వైన్‌లలో స్టాగ్స్ లీప్‌కు, తెల్లవాటిలో షాటో మాంటెలీనాకు ప్రథమ స్థానం ఇచ్చారు. రెండూ కాలిఫోర్నియావే. కొత్త ప్రాంతాల వైన్‌లపై ప్రపంచం దృష్టి పడటానికి అది పెద్ద మలుపు.

చిలీ కథ నాకు ఇంతకన్నా ఇష్టం. మెర్లో అనే ఎర్ర ద్రాక్షతో చేసే అక్కడి వైన్‌లలో పచ్చి క్యాప్సికమ్ వాసన కాస్త ఎక్కువగా ఉండేది. ఆ వాసన మెథాక్సీపైరజీన్లు అనే పదార్థాలది. కాయ పండేకొద్దీ అవి తగ్గుతాయి. 1994లో ఫ్రెంచి ద్రాక్ష నిపుణుడు జాన్ మిషెల్ బూర్సికో అక్కడి తోటలు చూసి, మెర్లో అనుకుంటున్న తీగల్లో చాలావరకు కార్మెనేర్ అనే వేరే రకమని గుర్తుపట్టారు. ఒకప్పుడు ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో విరివిగా పెంచి, తెగుళ్ల తర్వాత దాదాపు వదిలేసిన రకం అది. మెర్లో కన్నా ఆలస్యంగా పండుతుంది. మెర్లో అనుకుని ముందే కోసేయడంతో పచ్చి వాసన మిగిలిపోయేది. ఇప్పుడు చిలీ దాన్ని దాని పేరుతోనే సీసాల్లో నింపి అమ్ముతోంది.