కాల్చిన మిరపకాయ, తోడు పెట్టిన మీగడ

చిరంజీవులు అమ్ములుకి, చింటూకి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం మీరిద్దరూ వంటింట్లో చేసిన నిర్వాకం మీ అమ్మ ఫోన్లో చెప్పింది. క్యాప్సికం కాల్చి, నల్లబడ్డ తొక్క పోవాలని పంపు కింద పెట్టి శుభ్రంగా కడిగి, పుల్ల పెరుగు పోసి తెగ మరిగించారట. చివరికి గిన్నెలో నీళ్లు ఒకవైపు, పిడచలు ఒకవైపు మిగిలాయట. ‘తాతయ్య చెప్పిన మెక్సికో కూర ఇదేనా’ అని మీ నాన్న వెక్కిరించాడని చింటూ అలిగాడని కూడా విన్నాను. అలగకు నాయనా. తప్పు నాదే. చేసే విధానం చెప్పకుండా రుచి మాత్రం ఊరించి ఊరించి చెప్పాను. పైగా మీరు చేసిన రెండు తప్పులూ మొదట్లో నేనూ చేశాను. అందుకే ఈ ఉత్తరం.

రెండేళ్ల కిందట మీ అత్తావాళ్ల దగ్గర, అమెరికాలోని శాన్ ఆంటోనియోలో, చలికాలమంతా ఉన్నాను కదా. వాళ్ల పక్కవాటాలో ఒక పెద్దావిడ ఉండేది. సొంతూరు మెక్సికోలోని ప్వేబ్లా. ఒకరోజు మూతపెట్టిన గిన్నె ఒకటి, గుడ్డలో చుట్టిన వేడి టోర్టియాలు, అంటే మొక్కజొన్న రొట్టెలు, కొన్ని తెచ్చి ఇచ్చింది. మూత తీస్తే తెల్లటి మీగడలో పచ్చటి పీలికలు, మధ్యమధ్య మొక్కజొన్న గింజలు. పేరు అడిగితే ‘రాహాస్ కొన్ క్రేమా’ అంది. రాహాస్ అంటే పీలికలే. మీగడలో పీలికలన్నమాట. వేటి పీలికలు అంటే మిరపకాయలవి అంది.

చిలకలూరిపేట వాడిని పట్టుకుని మిరపకాయల కూర రుచి చూడమంటోందే అని నవ్వుకున్నాను. మొదటి ముద్ద తిన్నాను, కారం లేదు. రెండోది, మూడోది, అబ్బే. కమ్మగా, కాస్త పొగవాసనతో, కాల్చిన వంకాయ పచ్చడికి దూరపు చుట్టంలా ఉంది. ఇదీ ఒక మిరపకాయేనా అని మీ అత్తతో అంటూ ఉండగానే నాలుగో ముద్దలో ఒక పీలిక నషాళానికి అంటింది. పొలమారి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆవిడ ఏమాత్రం కంగారు పడకుండా ఇంకాస్త మీగడ వడ్డించింది.

ఆ కాయ పేరు పొబ్లానో. ప్వేబ్లా ఊరి పేరు మీదనే వచ్చింది. అరచేయంత పొడుగు, భుజాలు వెడల్పు, కొన సన్నం, రంగు మాత్రం నలుపు తిరిగిన ముదురాకుపచ్చ. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో 1,000 నుంచి 2,000 మధ్య ఉంటుంది. మన తేజ రకం దీనికి ఎన్నో రెట్లు. అయితే పొబ్లానోల్లో ఏది సాధువో, ఏది గడుసుదో పైకి చూస్తే తెలీదు. ఒకే చెట్టు కాయల్లో కూడా తేడా ఉంటుంది. నాకు తగిలింది గడుసు కాయ. ఇదే కాయను పండనిచ్చి ఎండబెడితే పేరు మారిపోయి ఆంచో అవుతుంది. మనం పచ్చిమిర్చి, పండుమిర్చి, ఎండుమిర్చి అని ముందు ఒక మాట చేర్చి సరిపెట్టుకుంటాం. వాళ్లు ఎండినదానికి కొత్తగా నామకరణం చేస్తారు. వాళ్లకది వేరే వస్తువు, వేరే రుచి.

ఇక కాల్చడం. ఈ వంట మొత్తంలో కష్టం ఇక్కడే ఉంది, కాబట్టి ఇక్కడే ఎక్కువసేపు చెబుతాను.

కాయను నేరుగా మంట మీద పెట్టాలి. మంట పెద్దదిగా ఉండాలి. సన్నని సెగ మీద పెట్టారా, తొక్క ఊడేలోపల లోపలి కండ ఉడికి మెత్తబడిపోతుంది. పెద్ద మంట మీద మొదట ఏమీ జరగనట్టే ఉంటుంది. తర్వాత టప్ టప్ మని చిన్న చప్పుళ్లు. తొక్క కిందున్న నీరు ఆవిరై బయటికి తోసుకొస్తుంటే బొబ్బలు లేస్తాయి. ఆ బొబ్బ నల్లబడగానే పటకారుతో పక్కకి తిప్పాలి. తొడిమ దగ్గర గుంటలు ఉంటాయి చూశారా, అక్కడ మంట తగలదు. కాయను తలకిందులుగా నిలబెట్టి అక్కడ కూడా కాల్చాలి. నేను అది వదిలేస్తే, ఆవిడ కాయను నా ముందు పెట్టి చూపుడువేలితో ఆ గుంటల్ని మాత్రం చూపించింది. మాట లేదు.

మొత్తం నల్లగా అయ్యాక వేడివేడిగా గిన్నెలో వేసి మూత పెట్టాలి, లేదా తడిగుడ్డలో చుట్టాలి. పది పదిహేను నిమిషాలు దాని జోలికి పోకూడదు. కాయకి చెమట పట్టించడం అంటారు వాళ్లు. లోపలి ఆవిరే తొక్కను కండ నుంచి వదిలిస్తుంది. తర్వాత వేళ్లతో నిమిరితే చాలు, తడిసిన కాగితంలా ఊడొస్తుంది.

అక్కడే నేను పంపు తిప్పాను. నల్ల మసి చేతికి అంటుతుంటే మరేం చేస్తాం? ఆవిడ పరుగున వచ్చి పంపు కట్టేసింది. కాల్చినందువల్ల వచ్చిన రుచంతా ఆ తడిలో, ఆ జిగురులో ఉందట. కడిగితే అది కాలవలోకి పోతుంది. చేతులు తడిపి తుడుచుకోవచ్చు, కాయను మాత్రం కడగకూడదు. అక్కడక్కడ నల్ల చుక్క మిగిలితే మిగలనీ. మీ నానమ్మ కుంపట్లో వంకాయ కాల్చి పచ్చడి చేసినప్పుడు ఎప్పుడైనా కడిగిందా? ఆ ఆలోచన నాకెందుకు రాలేదో!

తొక్క తీశాక పొడుగునా చీల్చి గింజలు, తెల్లటి ఈనెలు తీసేయాలి. కారం గింజల్లో ఉంటుందని మనమందరం అనుకుంటాం. అసలది తయారయ్యేది ఆ తెల్ల ఈనెలో. గింజలు దాన్ని అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి వాటికీ పూసుకుంటుంది. ఈనె తీసిన చేత్తో కళ్లు మాత్రం నలుపుకోవద్దు. గుంటూరు యార్డులో బస్తాల మధ్య తిరిగినవాడిని, నాకేమవుతుంది అనుకుని నేను నలుపుకున్నాను. సాయంత్రం దాకా ఒక కన్నుతోనే టీవీ చూశాను.

అన్నట్టు, మొదటిసారి మీ అత్త ఇంట్లో నేనే కాలుస్తానని కూర్చుంటే స్మోక్ అలారం మోగి బిల్డింగంతా బయటికి వచ్చింది. కిటికీ ముందే తెరవండి.

ఇప్పుడు మీగడ సంగతి. మీ పెరుగు ఎందుకు విరిగిందంటే, అందులో పులుపు ఉంది, కొవ్వు తక్కువ ఉంది. వేడి తగలగానే పాలలోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకడతాయి. కొవ్వు ఎక్కువ ఉంటే అది మధ్యలో అడ్డుపడి వాటిని కలవనివ్వదు. మజ్జిగ పులుసులో మీ అమ్మ శనగపిండి ఎందుకు కలుపుతుంది? ఇందుకే. అక్కడ పిండి చేసే పని ఇక్కడ కొవ్వు చేస్తుంది. నేను రెండోసారి వండినప్పుడు, దుకాణంలో కుర్రాడు వాళ్ల మీగడ, అంటే క్రేమా, అక్కడ దొరికే సోర్ క్రీమ్ రెండూ ఒకటేనని చెబితే సోర్ క్రీమ్ కొనుక్కొచ్చాను. ఒకటి కాదు. సోర్ క్రీమ్‌లో కొవ్వు 20 శాతం లోపే ఉంటుంది, మెక్సికోవాళ్ల క్రేమాలో 30 శాతం దరిదాపుల్లో ఉంటుంది. నా కూర కూడా మీ కూరలాగే విరిగింది.

ఈ క్రేమా అంటే ఏదో వింత పదార్థం అనుకోకండి. తోడు పెట్టిన మీగడ, అంతే. వెన్న తీయడానికి మనింట్లో మీగడ పోగుచేసి తోడు వేస్తామే, దాన్ని చిలక్కముందే గరిటెతో కలిపి కాస్త ఉప్పు వేస్తే దాదాపు అదే. బాగా పులిసిపోకుండా చూసుకోవాలి. మీ ఊళ్లో అయితే 200 మిల్లీలీటర్ల ఫ్రెష్ క్రీమ్ పాకెట్ గోరువెచ్చగా చేసి, ఒక చెంచా తియ్యటి పెరుగు కలిపి, రాత్రంతా మూతపెట్టి ఉంచండి. పొద్దుటికి చిక్కబడుతుంది.

నాకు ఆశ్చర్యం వేసింది మరోచోట. మీగడ లేకుండా ఆ కూరే లేదు కదా, కానీ అసలు ఆ దేశంలో ఒకప్పుడు పాలు తాగే అలవాటే లేదు! 1521లో స్పెయిన్‌వాళ్లు తెనోచ్తిత్లాన్‌ను, అంటే ఇప్పటి మెక్సికో సిటీని, గెలుచుకున్నారు. ఆవులు, మేకలు వాళ్ల వెంటే వచ్చాయి. అంతకుముందు అక్కడ పాడి లేదు, వెన్న లేదు, జున్ను లేదు. మిరప మాత్రం వేల ఏళ్ల నుంచి ఉంది. చిల్లీ అనే మాట కూడా అక్కడి నహువాతల్ భాషదే. మన సంగతి సరిగ్గా తిరగేసి చూసుకోండి. మనకి పాడి అనాదిగా ఉంది, మిరపకాయ లేదు. శ్రీనాథుడి కాలంలో పల్నాడులో కారమంటే మిరియమే. పోర్చుగీసువాళ్లు ఓడల్లో తెచ్చాక గానీ మిరప మనకి తెలీదు. ఇంచుమించు ఒకే వందేళ్లలో మిరపకాయ ఇటొచ్చింది, ఆవు అటెళ్లింది. మనం వచ్చిన చుట్టాన్ని మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టి చల్ల మిరపకాయలు చేసుకున్నాం. వాళ్లు వచ్చిన చుట్టాన్ని కాల్చిన మిరపకాయల మీద పోసుకున్నారు.

ఈ మాట ఆవిడకి చెబుదామని మీ అత్త డబ్బాలోంచి నాలుగు చల్ల మిరపకాయలు వేయించి పట్టుకెళ్లాను. ఆవిడ ఒకటి వాసన చూసి, కొరికి, చాలాసేపు నమిలింది. ‘లేచే’ అంది. అంటే పాలు. నాలుక మీద పాల జాడ పట్టేసింది! తర్వాత ఉడికించిన నల్ల చిక్కుడుగింజల మీద మిగిలిన మూడూ నలిపి చల్లుకుని తిన్నది. మనం పెరుగన్నంలో తప్ప దాన్ని ఎక్కడా ఊహించం.

టోర్టియా గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకు పోతాను. మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, రాత్రంతా నాననిచ్చి, పొట్టు కడిగి రుబ్బుతారు. అవును, మనం తాంబూలంలో వేసుకునే సున్నమే. దానివల్ల పిండి సాగుతుంది, ఒంటికి కావలసిన ఒక బి విటమిన్ కూడా విడుదలవుతుంది. ఈ కిటుకు నేర్చుకోకుండా ఒట్టి మొక్కజొన్న మీదే బతికిన యూరప్ పేదలు పెల్లాగ్రా అనే జబ్బు పడ్డారు. మీకు టోర్టియా దొరక్కపోతే వేడి పుల్కా చాలు. జొన్నరొట్టె అయితే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం.

కాల్చిన పొబ్లానోతో వాళ్లు చాలా చేస్తారు. మీగడతో కలిపి రుబ్బి సూప్ కాస్తారు, జున్ను కూరి గుడ్డు సొనలో ముంచి వేయిస్తారు. వీటన్నిటికీ పెద్దన్నయ్య చీలెస్ ఎన్ నొగాదా. కాల్చి తొక్క తీసిన కాయలో మాంసం, పళ్ల ముక్కలు కలిపి వండిన కూర నింపి, పైన అక్రోట్ల మీగడ పోసి, ఎర్రటి దానిమ్మ గింజలు చల్లుతారు. పచ్చ, తెలుపు, ఎరుపు, అంటే వాళ్ల జెండా రంగులు. 1821లో స్పెయిన్ నుంచి స్వతంత్రం వచ్చిన రోజుల్లో ఇతుర్బీదే అనే సేనాని ప్వేబ్లాకి వస్తే అక్కడి మఠంలోని సన్యాసినులు ఆయన కోసం వండారని చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా కాలం మాత్రం నిజం. కొత్త అక్రోట్లు, దానిమ్మలు వచ్చే ఆగస్టు, సెప్టెంబర్లలోనే దీన్ని తింటారు. ఆ మీగడను పొయ్యి ఎక్కించరు, చల్లగానే పోస్తారు. తెల్లగా రావాలంటే ఒక్కో అక్రోట్ పప్పుకీ సన్నటి పొర గోటితో ఒలవాలి. ఆవిడకి అక్కడ కొత్త అక్రోట్లు దొరక్క, ఎండువాటిని పాలలో రాత్రి నానబెట్టి నా చేతికిచ్చింది. మీ అత్త, నేను రెండు గంటలు ఒలిస్తే ఒక గ్లాసుడు అయ్యాయి. మళ్లీ ఒలవమంటే మాత్రం ఒలవను.

ఇక మీరు చేయాల్సింది. పొబ్లానోలు మీ రైతుబజార్లో దొరకవు. ఒట్టి క్యాప్సికంతో చేస్తే చప్పగా ఉంటుంది, ఒట్టి బజ్జీ మిరపకాయలైతే కండ పలచన, కాల్చేసరికి ఏమీ మిగలదు. రెండు క్యాప్సికంలు, నాలుగు బజ్జీ మిరపకాయలు కలపండి. కాల్చి, చెమట పట్టించి, తొక్క తీసి, వేలెడు వెడల్పు పీలికలు చేయండి. రెండు చెంచాల వెన్నలో ఒక పెద్ద ఉల్లిపాయ నిలువుగా తరిగి, ఎర్రబడకుండా మెత్తబడేదాకా వేయించండి. రెండు వెల్లుల్లి రెబ్బలు, ఒక కంకి గింజలు వేసి, గింజ మెత్తబడ్డాక పీలికలు వేయండి. పొయ్యి బాగా తగ్గించి అప్పుడు మీగడ పోయండి. అంచుల్లో చిన్న బుడగ కనిపిస్తే చాలు, ఉప్పు చూసి దించేయండి. పైన పనీరు చిదిమి చల్లండి. అల్లం, గరం మసాలా, కొత్తిమీర కట్ట మొత్తం, ఇవేవీ వద్దు. చింటూ, ముఖ్యంగా నీకే చెబుతున్నా, కారప్పొడి డబ్బా దగ్గరికి పోకు.

కాల్చేటప్పుడు అమ్మ పక్కన ఉండాలి. తొక్క ఎలా ఊడిందో ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టండి, తొడిమ దగ్గర గుంటలు కనపడేలా తీయండి.

ఇక్కడ ఎండ బాగా కాస్తోంది. డాబా మీద చల్ల మిరపకాయలు మూడో ఎండకి వచ్చాయి. వచ్చే నెల మీ అత్త వచ్చి వెళ్లేటప్పుడు ఒక కిలో కట్టి ఇవ్వాలి. అందులో అరకిలో పక్కవాటావిడకి.

మీ తాతయ్య