ఫోల్డర్ మొత్తం ఒకేసారి మార్చేముందు

పిల్లలూ,

సెలవుల్లో మా కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపుకి వచ్చినప్పుడు మీరొక మంచి ప్రశ్న వేశారు. పెద్ద మిషన్ మీద చక్కగా కుట్టిన నెమలి డిజైన్ మీ ఇంట్లో మిషన్‌కి పెట్టే సరికి అసలు కనపడనే లేదు, ఎందుకని? ఆ రోజు పెళ్లి జాకెట్ల హడావిడిలో సగం చెప్పి వదిలేశాను. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను.

మిషన్‌కి నెమలి తెలీదు. ఫ్రేమ్ ఎంత పక్కకి, ఎంత ముందుకి జరగాలి, ఎక్కడ కుట్టు పడాలి, ఎక్కడ రంగు మార్చడానికి ఆగాలి, అంతే తెలుసు. ఆ లెక్కల్ని ఒక్కో కంపెనీ ఒక్కోలా రాసుకుంది. తజిమా వాళ్ల ఫైలు రకం డీఎస్‌టీ, బ్రదర్ మిషన్లది పీఈఎస్, జనోమీది జేఈఎఫ్. అందుకే ఫైలు మార్చుకోవాలి. ఇంక్‌స్టిచ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కూడా మార్చుకోవచ్చు. ఫోల్డర్‌లో వందల డిజైన్లు ఉంటే మాత్రం ఒకేసారి మార్చే బ్యాచ్ కన్వర్టర్ కావాలి. ఫోల్డర్ చూపించి, ఏ రకంలోకి కావాలో చెప్తే చాలు, టీ తాగేలోపు పని అయిపోతుంది. పిల్లలు మెచ్చేది ఇదే, నన్ను భయపెట్టేదీ ఇదే.

ఎందుకంటే డీఎస్‌టీ చాలా పాత పద్ధతి, చాలా పొదుపుగా రాస్తుంది. మొదట 512 బైట్ల వివరం, తర్వాత ఒక్కో కుట్టుకి మూడే మూడు బైట్లు. కొలత మిల్లీమీటర్‌లో పదో వంతు. ఒక్కసారికి 12.1 మిల్లీమీటర్లకి మించి జరగడం కుదరదు కాబట్టి దూరం ఎక్కువైతే ముక్కలుగా దూకుతుంది. ఇందులో రంగుల పేర్లే ఉండవు. 'ఇక్కడ రంగు మారాలి' అని మాత్రమే ఉంటుంది. పీఈఎస్‌కి రంగులు కావాలి కాబట్టి కన్వర్టర్ తనకి తోచినవి పెట్టేస్తుంది. మీ నెమలి స్క్రీన్ మీద ఎర్రగా కనపడితే కంగారు పడొద్దు. దారం ఎక్కించేది మీరే కదా. ఏ రంగు తర్వాత ఏదో కాగితం మీద రాసుకోండి.

దారం కత్తిరింపు ఇంకో తలనొప్పి. డీఎస్‌టీలో కత్తిరించమనే ఆజ్ఞ విడిగా లేదు. వరుసగా కొన్ని జంపులు, అంటే కుట్టు వేయకుండా దూకడాలు, వస్తే మిషన్ కత్తిరించాలని అర్థం చేసుకుంటుంది. ఎన్ని జంపులన్నది కన్వర్టర్ సెట్టింగ్‌లో ఉంటుంది. అది కుదరకపోతే జాకెట్టు నిండా వేలాడే దారాలు కత్తెరతో కత్తిరించుకుంటూ కూర్చోవాలి.

సైజు సంగతి కూడా చూడాలి. మీ హూప్, అంటే బట్ట బిగించే ఫ్రేమ్, 100 బై 100 మిల్లీమీటర్లది. అంతకంటే పెద్ద డిజైన్ని ఎంత బాగా మార్చినా మిషన్ తీసుకోదు. మీ నెమలికి ఫైలు రకంతో పాటు ఈ చిక్కు కూడా ఉంది. బ్యాచ్‌లోనే అన్నిటినీ చిన్నవి చేసేద్దాం అనుకోకండి. కుట్ల సంఖ్య అలాగే ఉండి జాగా తగ్గితే కుట్లు మరీ దగ్గరగా ఇరుక్కుని సూది విరగొచ్చు. పెద్దది చేస్తే మధ్యలో బట్ట కనపడుతుంది.

అన్నం ఉడికిందా అని ఒక మెతుకు పట్టి చూస్తాం, ఇక్కడ అది చెల్లదు. ఫోల్డర్‌లో ఉన్నవి తలా ఒకరి దగ్గర పంచింగ్ చేయించినవి, అంటే బొమ్మని కుట్ల ఫైలుగా తయారు చేయించినవి. పెద్దది ఒకటి, రంగులు ఎక్కువున్నది ఒకటి, అక్షరాలున్నది ఒకటి ఎంచి, పాత గుడ్డ మీద కుట్టి చూడండి. మార్చినవి వేరే ఫోల్డర్‌లోకే వెళ్లాలి, అసలువి ముట్టుకోకూడదు.

ఆ నెమలిని మీ హూప్‌కి సరిపోయేలా మళ్లీ పంచింగ్ చేయించి పంపిస్తాను.

మీ పెద్దమ్మ