ఆల్-ఇన్-వన్ కంప్యూటర్‌ని గోడకు ఎక్కించే ముందు: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు దుకాణాలు పెద్దవేం కావు. మందుల షాపు కౌంటరు, రక్తపరీక్షల ల్యాబు, బంగారు కొట్టు, ఎక్కడ చూసినా బల్ల మీద బిల్లు పుస్తకం పెట్టుకోవడానికే చోటు చాలదు. అందుకే ఆల్-ఇన్-వన్ (తెర వెనకే కంప్యూటరంతా ఇమిడి ఉండే మిషన్) కొన్న కొన్నాళ్లకే చాలామంది "బాబూ, దీన్ని గోడకు పెట్టేయాలి, ఓసారి వస్తావా" అని ఫోన్ చేస్తారు. ఆలోచన మంచిదే. బల్ల ఖాళీ అవుతుంది, టీ ఒలికి మిషన్ పాడవుతుందన్న భయం ఉండదు. కాకపోతే అందరూ మొదట అడిగేది బ్రాకెట్ ధర. నేను వాళ్లని రెండు ఫొటోలు అడుగుతాను: మిషన్ వెనక భాగానిది ఒకటి, పెట్టాలనుకున్న గోడది ఒకటి. ఈ పని చెడిపోయిన చోట తప్పు దాదాపు ఎప్పుడూ ఈ రెండు ఫొటోల్లోనే కనిపిస్తుంది. మా వైపు తరచుగా వినిపించే మాటలు, వాటి వెనకున్న అసలు సంగతులు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఆల్-ఇన్-వన్ అంటే పెద్ద మానిటరే కదా, ఏదైనా గోడకు పడుతుంది.

వాస్తవం: అన్నీ పడవు. గోడకు బిగించాలంటే మిషన్ వెనక వెసా (VESA, తెరలను బిగించే కొలతల ప్రమాణం) రంధ్రాలు ఉండాలి. ఇవి చదరంగా నాలుగు ఉంటాయి. ఒక రంధ్రం మధ్య నుంచి పక్క రంధ్రం మధ్యకి 75 మిల్లీమీటర్లో, 100 మిల్లీమీటర్లో దూరం ఉంటుంది. పట్టే స్క్రూ ఎం4, అంటే 4 మిల్లీమీటర్ల లావుది. 100 మిల్లీమీటర్ల వెసా ప్రమాణాన్ని 14 కిలోల బరువు వరకు పెట్టారు. మామూలు 24 అంగుళాల ఆల్-ఇన్-వన్ అందులో సగం చుట్టుపక్కలే తూగుతుంది కాబట్టి బరువు గురించి టెన్షన్ అక్కర్లేదు. రంధ్రాలు ఉన్నాయా లేవా అన్నదే ప్రశ్న.

ఆఫీసుల కోసం చేసే మోడళ్లలో ఇవి సాధారణంగా ఉంటాయి. ఇంటి వాడకం కోసం సన్నగా, అందంగా చేసే మోడళ్లలో చాలావాటికి ఉండవు. కొన్నింటిలో స్టాండు తీస్తేనే బయటపడతాయి, కొన్నింటిలో చిన్న ప్లాస్టిక్ మూత కింద దాగి ఉంటాయి. వెనక నాలుగు స్క్రూలు కనిపించగానే అవే అనుకోకండి. అవి వెనక మూతని పట్టి ఉంచేవి కావచ్చు, స్టాండు కీలువి కావచ్చు. స్కేలు పెట్టి కొలవండి. అంతకంటే ముందు స్టిక్కరు మీదున్న పూర్తి మోడల్ నంబరు రాసుకుని, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ మాన్యువల్ తెరిచి, అందులో వెసా అన్న మాట ఉందో లేదో చూడండి. ఒకే పేరుతో అమ్మే సిరీస్‌లో ఒక మోడల్‌కి ఉండి ఇంకోదానికి లేకపోవచ్చు.

ఆపిల్ ఐమాక్ సంగతి ఇంకా కచ్చితం. 24 అంగుళాల ఐమాక్‌ని స్టాండుతో కొన్నాక దాన్ని గోడ మోడల్‌గా మార్చుకునే వీలు లేదు. కొనేటప్పుడే వెసా అడాప్టర్ ఉన్న రకాన్ని ఎంచుకోవాలి.

రంధ్రాలు లేకపోతే ఆ మోడల్ కోసమే చేసిన అడాప్టర్ ప్లేటు దొరుకుతుందేమో వెతకండి. అంచులను పట్టుకునే క్లాంపు బ్రాకెట్లు కూడా అమ్ముతున్నారు గానీ, గాలి రంధ్రాలు అంచుల్లో ఉన్న మిషన్‌కి నేను వాటిని బిగించను. ఇక వెనక మూతకి మనమే రంధ్రాలు పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఆ ప్లాస్టిక్ మిషన్ బరువు మోయడానికి చేసింది కాదు, దాని వెనకే బోర్డు ఉంటుంది. ఇలాంటి మిషన్ తెచ్చినవాళ్లకి గోడకు గట్టి చెక్క అర కొట్టించి, స్టాండుతో సహా దాని మీద పెట్టుకోమంటాను. బల్ల ఖాళీ కావడమే కదా కావాల్సింది, అది అలా కూడా అవుతుంది.

అపోహ: స్క్రూ ఎంత పొడవుంటే అంత గట్టి.

వాస్తవం: గోడలో దిగే స్క్రూకి అది కొంతవరకు నిజం. మిషన్‌లోకి వెళ్లే స్క్రూకి ప్రమాదం. ఎం4 స్క్రూ దాదాపు 10 మిల్లీమీటర్లు లోపలికి వెళ్లేలా ఈ రంధ్రాలు చేస్తారు. అంతకు మించి తిప్పితే మొన వెళ్లి బోర్డుకో, తెర వెనక రేకుకో తగులుతుంది. అగ్గిపుల్ల రంధ్రంలో పెట్టి ఎంత లోతుందో గుర్తు పెట్టుకోండి. దానికి బ్రాకెట్ ప్లేటు మందం, వాషర్ మందం కలిపితే మీకు కావాల్సిన స్క్రూ పొడవు వస్తుంది, అంతకంటే కొంచెం తక్కువే తీసుకోండి. నాలుగూ చేత్తోనే మొదలుపెట్టి, నాలుగూ కొద్దికొద్దిగా బిగించాలి. ఇక్కడ డ్రిల్లింగ్ మిషన్ వాడితే ప్లాస్టిక్‌లో కూర్చున్న ఇత్తడి మర అక్కడికక్కడే తిరిగిపోతుంది.

స్టాండు తీసేటప్పుడు మిషన్‌ని బోర్లా పెట్టాలి కదా, బల్ల మీద దుప్పటి నాలుగు మడతలు వేసి పరవండి. దాని కింద పెన్నూ, తాళంచెవీ లేకుండా చూసుకోండి. వెనక నుంచి చేత్తో నొక్కి పట్టుకోకండి, తెర మీద గీత పడేది అలాంటప్పుడే.

అపోహ: గోడ గోడే. గట్టీ (స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దించే ప్లగ్గు) కొట్టి స్క్రూ దించితే ఆగుతుంది.

వాస్తవం: నా పనిలో ఎక్కువ సమయం తినేది ఇదే, తినాల్సింది కూడా ఇదే.

మా ప్రాంతంలో ఒకే వీధిలో అయిదు రకాల గోడలుంటాయి. పర్లాకిమిడి పాత ఇళ్లలో సున్నం గోడలు, కొత్త షాపుల్లో ఎర్ర ఇటుక లేదా బూడిద ఇటుక, కొన్నిచోట్ల ఎర్రరాయి, కాంప్లెక్సుల్లో సిమెంటు బోలు ఇటుక, పల్లెల వైపు వెళ్తే మట్టి గోడ. పైన రంగు వేశాక అన్నీ ఒకేలా కనిపిస్తాయి. ముందు వేళ్లతో తట్టి వినండి. తర్వాత బ్రాకెట్ కింద దాగిపోయే చోట సన్నటి బిట్టుతో ఒక్క రంధ్రం వేసి, రాలే పొడి రంగు చూడండి. మొదట వచ్చే బూడిద రంగు పొడి సిమెంటు ప్లాస్టరింగ్‌ది. ఆ తర్వాత ఎర్రగా వస్తే ఇటుక తగిలినట్టు. తెల్లగా, మెత్తగా, ఆగకుండా రాలుతుంటే సున్నం. బిట్టు ఒక్కసారిగా లోపలికి జారిపోతే బోలు ఇటుక.

ప్లాస్టరింగ్ అర అంగుళం నుంచి అంగుళం దాకా ఉంటుంది. బరువు మోసేది ఆ పొర కాదు, దాని వెనకున్న ఇటుక. ప్లాస్టిక్ గట్టీ మొత్తం ప్లాస్టరింగ్‌లోనే కూర్చుంటే, స్క్రూ బిగిసినట్టే అనిపిస్తుంది గానీ కొన్నాళ్లకు పెచ్చుతో సహా ఊడి వస్తుంది. మంచి ఇటుక గోడకి 8 మిల్లీమీటర్ల గట్టీ, 50 మిల్లీమీటర్లకు తగ్గని స్క్రూ వాడండి. ఇటుకకీ ఇటుకకీ మధ్య సిమెంటు సందులో కాకుండా ఇటుక మధ్యలో రంధ్రం వేయండి. బోలు ఇటుకకి లోపలికి వెళ్లాక విచ్చుకునే రకం గట్టీలు వేరే ఉంటాయి, అవే వాడాలి. పాత ఇటుకలోనూ బోలు ఇటుకలోనూ డ్రిల్లింగ్ మిషన్‌ హ్యామర్ మోడ్ (బిట్టు తిరుగుతూనే సుత్తిలా కొట్టే సెట్టింగ్) ఆపేసి వేయండి, లేకపోతే రంధ్రం బొరియ అవుతుంది.

సున్నం గోడకి నేనెప్పుడూ నేరుగా బ్రాకెట్ బిగించను. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ ముక్కని బ్రాకెట్ కంటే బాగా పెద్దదిగా కోయించి, దూరదూరంగా ఆరో ఎనిమిదో పొడవాటి స్క్రూలతో గోడకు పట్టించి, దాని మీద బ్రాకెట్ బిగిస్తాను. బరువు ఒక్కచోట పడకుండా చాలా ఇటుకల మీద పంచుకుంటుంది. మట్టి గోడకైతే అదీ వద్దు. నేల మీద నిలబడే చెక్క చట్రం చేయించుకోండి.

పాతవాళ్లు ఇప్పటికీ చెక్క గట్టీనే నమ్ముతారు. ఎండిన గోడలో అది బాగానే పట్టుకుంటుంది. వానాకాలం ఉబ్బి, వేసవిలో కుదించుకుపోయే మా వాతావరణంలో మాత్రం అది క్రమంగా వదులవుతుంది. చెమ్మ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను ముంచేసిన తర్వాత ఎన్నో గోడల్లో నీరు ఊరి, పైన రంగు వేసినా లోపల చెమ్మ ఆరలేదు. బొబ్బలు కట్టిన రంగు, తెల్లటి ఉప్పు పొర కనిపించిన గోడని వదిలేయండి. వాన కొట్టే వైపు గోడ కంటే రెండు గదుల మధ్య గోడ ఎప్పుడూ మేలు.

ఇంకోటి: స్విచ్‌బోర్డుకి నేరుగా పైనా కిందా రంధ్రం వేయకండి. గోడ లోపలి వైర్లు సాధారణంగా అలా నిలువుగానే పోతాయి.

అపోహ: చేయిలా ముందుకు లాగే బ్రాకెట్ అయితే ఇంకా సౌకర్యం, బరువు అదే కదా.

వాస్తవం: బరువు అదే, లాగే బలం వేరు. 7 కిలోల మిషన్‌ని గోడ నుంచి 40 సెంటీమీటర్లు ముందుకు లాగారనుకోండి. గోడ ప్లేటు పై స్క్రూకీ కింది అంచుకీ మధ్య 15 సెంటీమీటర్లే ఉంటే, పై స్క్రూలను గోడలోంచి బయటికి లాగే బలం 18 కిలోలు దాటుతుంది. 7ని 40తో గుణించి 15తో భాగించి చూడండి. అదే మిషన్ బరువు కేంద్రం గోడకు 6 సెంటీమీటర్ల దూరంలోనే ఉండే బ్రాకెట్‌లో ఆ బలం 3 కిలోల లోపే. పైగా లాగే బ్రాకెట్‌ని రోజూ కదుపుతారు, టచ్ స్క్రీన్ అయితే వేలితో నొక్కుతారు. గట్టి ఇటుక గోడ ఉంటే నిశ్చింతగా పెట్టుకోండి, సున్నం గోడకు వద్దు.

అపోహ: గోడకి ఎంత ఆనించి పెడితే అంత అందం.

వాస్తవం: టీవీకి ఆ మాట సరిపోతుందేమో. ఆల్-ఇన్-వన్‌లో ప్రాసెసరు, ఫ్యాను, డిస్కు అన్నీ తెర వెనకే ఇరుక్కుని ఉంటాయి. వేడి బయటికి పోకపోతే ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి బిల్లింగ్ నెమ్మదిస్తోందని వచ్చే ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే, సాఫ్ట్‌వేర్ కాదు. హెచ్‌పీ, డెల్ మాన్యువల్స్‌లో గాలి రంధ్రాలున్న వైపుల్లో 10.2 సెంటీమీటర్ల, అంటే 4 అంగుళాల ఖాళీ వదలమని రాసి ఉంటుంది. కాబట్టి రంధ్రాలు ఎక్కడున్నాయో ముందు చూడండి. కిందా పైనా ఉంటే అక్కడ చోటు వదలండి. వీపు మధ్యలో ఉంటే సన్నటి ప్లేటు బ్రాకెట్ పనికిరాదు, గోడకి దూరంగా నిలిపేది తీసుకోవాలి.

మా దుకాణాల్లో ఇంకో అలవాటు ఉంది, మిషన్‌కి సరిగ్గా పైనే దేవుడి పటాల అర. కింది నుంచి లేచే వేడికి అడ్డం అదొకటి, అగరుబత్తి బూడిద, దీపం మసి నేరుగా ఫ్యానులోకి వెళ్లడం ఇంకొకటి. దేవుడికి వేరే గోడ చూపిస్తే ఇద్దరికీ మంచిది. ఏసీ కింద కూడా పెట్టకండి, ఏదో ఒక రోజు నీళ్లు కారతాయి.

అపోహ: ముందు బిగించేద్దాం, మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: గోడకెక్కాక ప్రతి చిన్న పనికీ మళ్లీ దించాలి. అందుకే ర్యామ్ పెంచాలన్నా, పాత హార్డ్ డిస్కు తీసి ఎస్‌ఎస్‌డీ వేయాలన్నా బల్ల మీద ఉన్నప్పుడే చేయించుకోండి. ఫ్యాను దుమ్ము అప్పుడే దులపండి. డేటా మొత్తం బయటి డిస్కులోకి కాపీ చేసుకోండి. గోడకి రంధ్రాలు వేస్తున్నంతసేపూ మిషన్ వేరే గదిలో గుడ్డ కప్పి ఉండాలి, ఆ పొడి ఫ్యానులోకి పోతే ఇందాక దులిపిన పని వృథా.

పవర్ బటన్ ఎక్కడుందో చూడండి. కొన్ని మోడళ్లలో కింద వెనక వైపు ఉంటుంది, చేయి పట్టకపోతే రోజూ ఇబ్బందే. బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే మిషన్ సెట్టింగుల్లో) కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే సెట్టింగ్ ఉంటే మార్చి పెట్టండి. బరువైన అడాప్టర్‌ని వైరుకి వేలాడదీయకండి, ఆ బరువంతా పిన్ను మీద పడి సాకెట్ వదులవుతుంది. దానికి చిన్న అర గానీ, గోడకు పట్టించే పట్టీ గానీ ఏర్పాటు చేయండి. పెద్ద ఇనుప ప్లేటు వెనకే ఉంటే వైఫై సిగ్నల్ కొన్ని మిషన్లలో తగ్గుతుంది, వీలుంటే నెట్‌వర్క్ కేబుల్ లాగించండి.

ప్లగ్గు చేతికందే చోట ఉండాలి. మా వైపు పిడుగులు తక్కువేం కాదు, ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర విపత్తుగా ప్రకటించింది. ఉరుములు మొదలైతే ప్లగ్గూ, నెట్‌వర్క్ కేబులూ రెండూ పీకేయాలి. యూపీఎస్ ఉంది కదా అని వదిలేయకండి.

అపోహ: టీవీ ఎత్తులో పెడితే అందరికీ కనిపిస్తుంది.

వాస్తవం: కంప్యూటర్ ముందు కూర్చుని పనిచేసేది ఒక్కరే, రోజంతా మెడ ఎత్తి చూడాల్సిందీ వాళ్లే. ఆ మనిషిని ఆ కుర్చీలోనే కూర్చోబెట్టి, కంటి ఎత్తు దగ్గర గోడ మీద పెన్సిలుతో గీయండి. తెర పై అంచు ఆ గీత దగ్గర గానీ, కొంచెం కిందగా గానీ రావాలి. నిలబడి వాడే కౌంటరైతే నిలబెట్టి గీయండి. ఇద్దరు వాడితే పొట్టివాళ్ల లెక్కే తీసుకోండి.

అపోహ: గోడకు పెడితే వారంటీ పోతుంది.

వాస్తవం: కంపెనీ ఇచ్చిన వెసా రంధ్రాలు అందుకోసమే ఉన్నవి, వాటిని వాడినందుకు వారంటీ పోదు. తప్పు స్క్రూ దించి బోర్డు పగలగొట్టినా, మూతకి రంధ్రాలు వేసినా ఆ నష్టానికి వారంటీ వర్తించదు.

బ్రాకెట్ గోడకు బిగించి, రసమట్టం పెట్టి చూశాక, మిషన్ ఎక్కించే ముందు ఒక పని తప్పకుండా చేయండి. మిషన్‌కి రెట్టింపు బరువున్న బియ్యం సంచి ఆ బ్రాకెట్‌కి తాడుతో వేలాడదీసి ఓ గంట వదిలేయండి. ప్లేటు పై అంచు దగ్గర గోడకీ ప్లేటుకీ మధ్య కాగితం దూరేంత సందు వచ్చినా, ఆ రంధ్రాలు వదిలేసి కొత్తవి వేయాల్సిందే. నిలిస్తే, మిషన్ ఎక్కించిన నెల తర్వాత స్క్రూలన్నీ ఓసారి బిగించి చూసుకోండి. తీసిన స్టాండునీ, దాని స్క్రూలనీ కవర్లో వేసి, మోడల్ నంబరు రాసి దాచండి. రేపు రిపేరుకి దించితే మిషన్‌ని బల్ల మీద నిలబెట్టడానికి అదే కావాలి.