ఫస్ట్ కాపీ వాచీతో పోయేదేంటి? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో కౌన్సెలింగ్ చేస్తుంటాను. ఫస్ట్ కాపీ బ్యాగు, అంటే పెద్ద బ్రాండును అచ్చుగుద్దినట్టు చేసిన నకిలీ, కొన్నానని బాధపడుతూ నా దగ్గరికి ఎవరూ రారు. ఉద్యోగం టెన్షన్ అనో, నలుగురిలోకి వెళ్లలేకపోతున్నాననో వస్తారు. ఎప్పుడో మూడోసారికో నాలుగోసారికో మాటల్లో ఈ సంగతి దొర్లుతుంది. వాళ్లను తప్పుబట్టే అర్హత నాకు లేదు, కాలేజీ రోజుల్లో నేనూ అలాంటి వాచీ ఒకటి కొన్నాను.

అపోహ: డూప్లికేట్ అని ఎవరికీ తెలియనంతవరకు మనకు పోయేదేం లేదు.

వాస్తవం: తెలియకుండా కాపాడుకోవడమే పెద్ద చాకిరీ. పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో మద్రాసు వెళ్లి, ప్యారీస్ కార్నర్ ఫుట్‌పాత్ మీద గీసి గీసి బేరమాడి తెచ్చుకున్న వాచీ అది. ఒక పెళ్లిలో పక్క విస్తరి ముందు కూర్చున్న మామయ్య, "ఏందబ్బయా అది, ఇట్టా చూపీ" అన్నాడు. ఎడం చెయ్యి చాచాను. "ఎంత పెట్నావు?" అసలు వాచీ ధర చెబితే నమ్మడు, నేనిచ్చింది చెబితే పరువు పోతుంది. "ఫ్రెండ్ ఇచ్చాడు మామా" అనేశాను. ఏ ఫ్రెండు, ఏ ఊరు, వాళ్ల నాన్న ఏం చేస్తాడు... పాయసం వచ్చేసరికి ఆ ఫ్రెండుకు కువైట్‌లో ఉద్యోగం కూడా ఇప్పించాను. ఆ తర్వాత మామయ్య కనబడితే చాలు, చొక్కా చెయ్యి కిందికి లాక్కునేవాణ్ణి.

అపోహ: నకిలీవి వాడేవాళ్లు మెల్లగా మోసాలకు అలవాటు పడతారు.

వాస్తవం: ఈ మాటకు మూలం 2010లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధన. అమ్మాయిలకు ఖరీదైన చలవ కళ్లద్దాలిచ్చారు. అన్నీ అసలువే, కానీ కొందరికి నకిలీవని చెప్పారు. లెక్కలు చేయించి మార్కులు వాళ్లనే వేసుకోమన్నారు. అసలువి అనుకున్నవాళ్లలో 30 శాతం మంది, నకిలీవి అనుకున్నవాళ్లలో 71 శాతం మంది ఎక్కువ వేసుకున్నారు. వినడానికి బాగుంది. అయితే ఆ పరిశోధకుల్లో ఇద్దరు మరికొందరితో కలిసి రాసిన మరో పేపరును, 2012 నాటిదాన్ని, అందులోని డేటా నమ్మదగ్గది కాదని 2021లో వెనక్కి తీసుకున్నారు. ఈ ఒక్క ప్రయోగం పట్టుకుని ఎవరి గుణాన్నీ నేను తూచను.

అపోహ: కొన్నవాళ్లకు జైలు.

వాస్తవం: 1999 నాటి ట్రేడ్ మార్క్స్ చట్టం శిక్షలు ప్రధానంగా తయారుచేసేవాళ్లకు, అమ్మేవాళ్లకు.

అపోహ: అందరి కళ్లూ మన వాచీ మీదే ఉంటాయి.

వాస్తవం: 2000లో అచ్చయిన మరో ప్రయోగంలో, సిగ్గనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి విద్యార్థులను మరికొందరున్న గదిలోకి పంపారు. దాదాపు సగం మంది చూసి ఉంటారని తొడుక్కున్నవాళ్లు అనుకున్నారు. గుర్తుపట్టింది సుమారు పావు వంతు మందే.

చాలా ఏళ్లకు మామయ్యకు నిజం చెబుదామని కూర్చున్నాను. ఆయనకు వాచీ సంగతే గుర్తులేదు. "అది సరేగానీ, కువైట్‌లో ఉండే మీ ఫ్రెండు ఎట్టున్నాడబ్బయా?" అన్నాడు.