ఇంజను ఎరుపు ఏ ఎరుపు?

నేను తెప్పించుకున్న డబ్ల్యూఏపీ-7 అనే కరెంటు ఇంజను నమూనా జానెడు ఉంటుంది. అసలు ఇంజను 20.56 మీటర్లు. అందులో 87వ వంతు అంటే 236 మిల్లీమీటర్లు. కొలతకు వంక పెట్టలేం, పోయింది రంగు దగ్గరే. నల్లగొండ స్టేషన్‌లో నా కళ్ళ ముందు ఆగే తెల్ల ఇంజను మీద ఎర్ర పట్టీ ఉంటుంది. నా బల్ల మీదున్న దానికి మాత్రం ఆ పట్టీ నారింజ రంగుకు దగ్గరగా వచ్చింది. రైల్వే ముద్రను భూతద్దంలో చూస్తే గుండ్రటి గీత లోపల ఒక మరక, అంతే. ఇంజను బాగోగులు ఏ షెడ్డు చూస్తుందో చెప్పే షెడ్డు కోడ్ సికింద్రాబాద్ లాలాగూడది, నంబరేమో ఇంకో షెడ్డు ఇంజనుది. నెలల తరబడి పైసా పైసా కూడబెట్టి కొన్నాను, చూడగానే మనసు చివుక్కుమంది.

ఇలాంటప్పుడు తయారుచేసినవాళ్ళను తిట్టి ఊరుకుంటాం. నేనూ తిట్టాను. కానీ మన దక్షిణ తెలంగాణ లైన్ల కథ వెనక్కి తిరగేస్తే, ఈ తప్పుకు వేళ్ళు చాలా లోతుగా ఉన్నాయని అర్థమైంది.

ముందు అక్షరాల సంగతి. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. తర్వాత చాలాకాలం ఇక్కడి రైల్వే పేరు నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే. 1930లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతుల్లోకి తీసుకున్నాక ఆ ‘గ్యారంటీడ్’ పోయి నిజాం స్టేట్ రైల్వే అయింది. 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబర్ 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. అంటే 1925లో పట్టాలెక్కిన ఆవిరి ఇంజను 1966 దాకా పనిచేసి ఉంటే, నలభై ఏళ్ళలో నలుగురు యజమానులను చూసింది. దాని నమూనా మీద దక్షిణ మధ్య రైల్వే పొట్టి పేరు ‘ఎస్‌సీ’ అని రాసి, పక్కన 1950ల నాటి స్టేషన్ కడితే ఆ దృశ్యం ఎప్పుడూ లేనిది. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉన్నా సరే. 2019లో సౌత్ కోస్ట్ రైల్వే కూడా ప్రకటించారు. పొట్టి అక్షరాల్లో దక్షిణ మధ్యకూ, దానికీ తికమక రేపు తప్పదు.

మహబూబ్‌నగర్‌ది ఇంకో చిక్కు. ఆ లైను 1990ల దాకా మీటర్ గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం ఒక మీటరే; బ్రాడ్ గేజ్ అంతకన్నా వెడల్పు. మన ఇంజన్ల పేర్లలో మొదటి అక్షరం గేజ్‌ను చెబుతుంది: బ్రాడ్‌కు డబ్ల్యూ, మీటర్‌కు వై. కాబట్టి 1985 నాటి మహబూబ్‌నగర్ స్టేషన్ నమూనాలో ‘డబ్ల్యూడీఎం-2’ నిలబడితే, రంగు ఎంత చక్కగా కుదిరినా ఆ ఇంజను అక్కడికి రాలేదు, రాలేదంతే.

ఇక రంగు. డీజిల్, కరెంటు ఇంజన్లకు దేశమంతా ఒకే రంగు అన్న నియమం చాలాకాలం కనిపించలేదు. ఏ షెడ్డు రంగులు దానివే. ఇంజను ఒక షెడ్డు నుంచి ఇంకో షెడ్డుకు బదిలీ అయితే కోడ్ వెంటనే మారుస్తారు, ఒంటి రంగు మాత్రం తర్వాత పీఓహెచ్‌కు, అంటే కొన్నేళ్ళకోసారి చేసే పూర్తి మరమ్మతుకు వెళ్ళినప్పుడే మారుతుంది. అందాకా పాత రంగు మీద కొత్త కోడ్. ఆ రోజుల్లో ఎవరో తీసిన ఒక్క ఫొటో తయారీదారుకు దొరికిందనుకోండి, కొన్ని నెలల ముచ్చట ఆ ఇంజనుకు శాశ్వత రూపమైపోతుంది. పెట్టెలదీ ఇంచుమించు ఇదే కథ. వాక్యూమ్ బ్రేకుల ముదురు ఎరుపు పెట్టెల నుంచి వేరుగా తెలియాలని ఎయిర్ బ్రేకు పెట్టెలకు నీలం వేశారు. ఆ రంగుకు ఒక పని ఉంది. అది తెలియనివాళ్ళు ఎరుపూ నీలమూ ఇష్టమొచ్చినట్టు కలిపి బండి కడతారు.

ఇంకా పాతకాలానికి వెళ్తే రంగుకు సాక్ష్యమే తక్కువ. ఉన్నవి నలుపు తెలుపు ఫొటోలు. అందులోనూ తొలినాళ్ళ ఫిల్ముకు ఎరుపు అందేది కాదు, ఎర్రటి వస్తువు నల్లగా పడేది. ఫొటోలో నల్లగా కనబడినంత మాత్రాన ఇంజను నల్లదని తేల్చలేం.

తయారీలో జరిగేది ఇది. లోహపు పలక మీద చెక్కిన బొమ్మలో సిరా నింపి, మెత్తటి సిలికాన్ దిమ్మెతో దాన్ని ఎత్తి ఇంజను మీద అద్దుతారు. రంగుకొక పలక, రంగుకొక అద్దకం. అసలు ఇంజను మీద 60 సెంటీమీటర్ల ముద్ర ఇక్కడ 7 మిల్లీమీటర్లవుతుంది. ఖర్చు తగ్గాలని ఒక అద్దకం ఎగ్గొడితే ముద్ర కాస్తా మరకవుతుంది. ఎరుపుల్లోనూ తేడాలున్నాయి. మన ఐఎస్ 5 రంగుల పట్టికలో 537 సిగ్నల్ రెడ్, 538 పోస్టాఫీస్ రెడ్. పక్కపక్కన పెడితే రెండూ వేరని ఎవరికైనా తెలుస్తుంది. తయారీదారుకు పంపే కాగితంలో ‘ఎరుపు’ అని మాత్రమే రాస్తే వాళ్ళు తమకు తోచిన ఎరుపు కలుపుతారు. సరిదిద్దుకుందామని ఇంట్లో డెకాల్ (ఇంజను మీద అంటించే పల్చటి బొమ్మ) ప్రింట్ తీస్తే మామూలు ప్రింటర్‌లో తెల్ల సిరానే ఉండదు. ఎర్ర పట్టీ మీది తెల్ల అక్షరాలు రానే రావు. నీలం మీద పసుపు అంటిస్తే ఆకుపచ్చగా కనబడుతుంది.

అందుకే నేను ఇప్పుడు రంగును రేకు మీదే వెతుకుతున్నాను. గద్వాల దగ్గర మా పెద్దమ్మ వాళ్ళ పశువుల కొట్టానికి ఒక పక్క పాత మీటర్ గేజ్ పెట్టె రేకు ఉంది. ఎన్నేళ్ళ ఎండకో వెలిసి ఇటుక రంగుకు తిరిగింది. తుప్పు పట్టిన ఒక బోల్టు విప్పి వాషర్ తీశాను. దాని కింద రూపాయి బిళ్ళంత మేర ఎండ తగలని ముదురు ఎరుపు, తడిగా ఉందా అన్నట్టు మెరిసింది. “ఆ రంగు గీకి ఏం జేస్తవ్ బిడ్డా?” అంది పెద్దమ్మ. చెప్పాను. ఇంకో బోల్టు దగ్గర కూడా చూడమని పానా తెచ్చి ఇచ్చింది.

ఆ పెచ్చు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. పగటి వెలుతురులో, కిటికీ పక్కన పెట్టుకుని డబ్బా రంగులు కలుపుతున్నాను. మూడోసారి కలిపింది దాదాపు దగ్గరికి వచ్చింది, ఇంకొంచెం నలుపు పడాలి.